హోరీ పెట్టిన ఒట్టు, నేను పెట్టిన సంతకం

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య హార్డ్‌వేర్ షాపు పెంచుకోడానికి 25 లక్షలు లోన్ తీసుకుంటున్నాడు, మీ నాన్నగారి పేరు మీదున్న ఇల్లు తాకట్టు పెడుతున్నాడు, ఆడబిడ్డగా మీరొచ్చి షూరిటీ సంతకం పెట్టాలి, బావగారికి ఇప్పుడే చెప్పకు అన్నాడు. మీరేమో ఎం.ఏ.లో ప్రేమ్‌చంద్ హిందీ నవల గోదాన్ చదువుకున్నారు, ఆవుకి విషం పెట్టిన తమ్ముణ్ణే హోరీ కాపాడుకున్నాడు, నేను సొంత అన్నకి ఒక్క సంతకం పెట్టడానికి ఇంత ఆలోచిస్తున్నానంటే నాలో స్వార్థం పెరిగిందా, మీ అనుభవంలో ఆ నవల పాఠం ఎక్కడైనా పనికొచ్చిందా అని అడిగారు.

పనికొచ్చిందమ్మా, కాకపోతే నాకు ఆలస్యంగా పనికొచ్చింది. నేను వరంగల్ జిల్లాలో హిందీ పండిట్‌గా 33 ఏళ్లు చేసి రిటైరయ్యాను, గోదాన్ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, అయినా హోరీ చేసిన తప్పే నేనూ చేశాను, అది కూడా ఆ పుస్తకం టేబుల్ మీద ఉండగానే చేశాను. అందుకే పూర్తిగా రాస్తున్నా, కొంచెం ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఆ నవల సంగతి, ఎందుకంటే మీరు గుర్తుపెట్టుకున్న హోరీ వేరు, ప్రేమ్‌చంద్ రాసిన హోరీ వేరు. ఇది 1936లో వచ్చింది, అదే ఏడు అక్టోబర్‌లో ఆయన పోయారు, అంటే జీవితమంతా చూసిందంతా అందులో పెట్టి వెళ్లిపోయారన్నమాట. అవధ్‌లో బేలారి అనే ఊరు, హోరీ చిన్న రైతు, తండ్రి పోయాక ఇద్దరు తమ్ముళ్లు శోభ, హీరాలని పెంచింది హోరీ, అతని భార్య ధనియా. తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. హోరీకి ఒకటే కోరిక, గుమ్మం ముందు ఒక ఆవు ఉండాలి. పక్క ఊరి పాలవాడు భోలా దగ్గర 80 రూపాయలకి అప్పు మీద ఆవు తెచ్చుకున్నాడు. ఊరంతా చూడ్డానికొచ్చింది, తమ్ముళ్లు రాలేదు. హోరీకి మనసాగలేదు, వాళ్లని పిలుద్దామని రాత్రి పోతే లోపల హీరా అంటున్న మాట చెవిన పడింది, కలిసున్నప్పుడు దాచిన డబ్బుతోనే ఆవుని కొన్నాడని. ఈ మాట మన ఊళ్లలో పాలోళ్ల మధ్య ఎన్నిసార్లు విన్నామో మీకూ తెలుసు. ఉమ్మడిలో ఉన్నప్పుడు వెనకేసుకున్నాడు అనే ఒక్క మాట చాలు, నలభై ఏళ్ల అన్నదమ్ముల మధ్య గోడ లేవడానికి.

ఇంకో సంగతి, అందరూ మర్చిపోయేది. హోరీ దేవుడేం కాదు. ఆవు రాకముందే ఉమ్మడి వెదుళ్లు అమ్మేటప్పుడు తమ్ముళ్లకి తెలియకుండా నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని బేరగాడితో లోపాయికారీగా మాట్లాడుకున్నాడు, చివరికి ఆ బేరగాడి చేతిలో తనే మోసపోయాడు. అదే బేరగాడు హీరా పెళ్లాం పునియాని తోసేశాడని తెలిస్తే మాత్రం మా ఇంటి కోడలి మీద చెయ్యేస్తావా అని మీదికి పోయాడు. ఒకే మనిషి, ఒకే పూట. తమ్ముడి వాటాలో కొంచెం కాజేద్దామనుకున్నదీ వాడే, తమ్ముడి పరువు కోసం కొట్లాటకి పోయిందీ వాడే. నేను పిల్లలకి ఇది చెప్పినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు, అందరి ఇళ్లలో చూసిందే కదా.

ఇక విషం పెట్టిన రాత్రి. చీకట్లో ఆవు దగ్గర హీరా నిలబడి ఉండటం హోరీ కళ్లారా చూశాడు. ఆవు చచ్చాక ఆ సంగతి ధనియాకి చెప్పి, ఎవరికీ చెప్పకు అన్నాడు. ధనియా ఊరుకునే మనిషా, తెల్లారి ఊరంతా వినేలా అరిచింది. అప్పుడు హోరీ ఏం చేశాడో గుర్తుందా? భార్యని అందరి ముందు కొట్టాడు. కొట్టి, కొడుకు గోబర్ నెత్తిమీద చెయ్యిపెట్టి, నేను హీరాని అక్కడ చూడలేదు అని ఒట్టేశాడు. అబద్ధపు ఒట్టు, కన్నకొడుకు మీద. తర్వాత దరోగా, అంటే పోలీసు అధికారి, వచ్చి హీరా ఇల్లు సోదా చేస్తానంటే, ఇంటి పరువు పోతుందని లంచం ఇవ్వడానికి 30 రూపాయలు అప్పు తెచ్చాడు, ధనియా ఆ తువ్వాలు గుంజితే రూపాయలన్నీ నేలమీద చెల్లాచెదురుగా పడ్డాయి.

మీరు హోరీ కాపాడాడు అన్నారు కదా, అదే మాట నేనూ అనేవాణ్ణి. తమ్ముడి కోసం నిలబడిన అన్న, భరతుడు లక్ష్మణుడి లెవెల్లో చెప్పేవాణ్ణి క్లాసులో. కానీ ఆ పేజీలో దెబ్బలు తిన్నదెవరు, ఎవరి తల మీద ఒట్టు పడింది, ఆ 30 రూపాయల వడ్డీ ఎవరి కంచంలోంచి పోయింది అని ఒక్కసారి కూడా అడగలేదు నేను. నాకు అది నా ఇంట్లో జరిగాకే కనపడింది.

1996 సంగతి. మా తమ్ముడు మండల కేంద్రంలో పురుగుమందుల షాపు పెట్టాడు. మా దిక్కు అప్పటికి పత్తి మీద పిచ్చి పట్టి ఉంది, పెసర, జొన్న వేసినోళ్లు కూడా పత్తికి మారారు. ఆ షాపు బిజినెస్ ఎలా ఉంటుందంటే మందులు అప్పు మీద ఇవ్వాలి, రైతు పత్తి అమ్మి ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చాక ఇస్తాడు, అప్పటిదాకా డీలరే మోయాలి. దానికి పెట్టుబడి కావాలని లక్ష రూపాయల చిట్టీ వేశాడు, 50 నెలలు, నెలకు 2,000. ఏడో నెలలోనే చిట్టీ ఎత్తాడు. ఎత్తినవాడికి డబ్బివ్వాలంటే గవర్నమెంట్ ఉద్యోగి షూరిటీ కావాలి, జీతం సర్టిఫికెట్ కావాలి, మీకు తెలిసిందే. ఇంట్లో గవర్నమెంట్ ఉద్యోగి నేనొక్కణ్ణే.

తమ్ముడు స్కూలుకే వచ్చాడు. ఇంటర్వెల్ టైము. అన్నా వదినకు చెప్పకు, ఆమె భయపడ్తది, ఏడాదిల క్లియర్ చేస్త అన్నాడు. హెడ్మాస్టర్ గారి దగ్గరికి పోయి జీతం సర్టిఫికెట్ రాయించుకుని, వేపచెట్టు కింద వాడి బండి సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశాను. మొత్తం పది నిమిషాలు పట్టలేదు. ఎన్ని పేజీలున్నాయో కూడా చూడలేదు, వాడు వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టాను. బాపు పోయేటప్పుడు చిన్నోణ్ణి చూసుకో అన్నాడు, నాకప్పుడు అదొక్కటే చెవుల్లో ఉంది.

ఆ సాయంత్రం మా ఇంటామె, తమ్ముడు స్కూలుకొచ్చిండట గదా, ఏడన్న సంతకం పెట్టలే గదా అని అడిగింది. ఊరు చిన్నది, సాయంత్రానికల్లా తెలిసిపోద్ది. నేను లేదు అన్నాను. ఆ టైముకి నేను ఎం.ఏ. హిందీ ప్రైవేటుగా కడుతున్నా, టేబుల్ మీద గోదాన్ తెరిచి ఉంది, నోట్సు రాసుకుంటున్నా. తల ఎత్తకుండానే లేదు అన్నాను. అమ్మా, నేను ఒట్టు పెట్టలేదు అంతే, మిగతాదంతా హోరీయే.

1997-98లో ఏం జరిగిందో మా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, మీకోసం రాస్తున్నా. వానలు అకాలంగా పడ్డాయి, లద్దెపురుగు విరుచుకుపడింది, ఎన్నిసార్లు కొట్టినా చావలేదు, నకిలీ మందులు కూడా కలిశాయి, రైతులు మందు మీద మందు కొట్టి అప్పుల మీద అప్పులు చేసి చివరికి అదే మందు తాగి పోయారు. వరంగల్ పేరు దేశమంతా పేపర్లలో వచ్చింది. అలాంటి ఏడాదిలో పురుగుమందుల షాపువాడికి బాకీలు ఎవరిస్తారు, ఎవరి ఇంటికి పోయి అడుగుతాడు? తమ్ముడు ఒక ఇంటికి బాకీకి పోతే వాకిట్లో శవం ఉందట, వాడు నాలుగు రోజులు అన్నం తినలేదు. వాడు మోసగాడు కాదమ్మా, ఆ మాట నేను ఎప్పుడూ అనను. పదిహేనో నెల దాకా చిట్టీ కట్టాడు, తర్వాత కట్టలేకపోయాడు. 1998 మార్చిలో ఒక రాత్రి భార్యకి కూడా చెప్పకుండా భివండి వెళ్లిపోయాడు, మా దిక్కు నుంచి మరమగ్గాల పనికి చాలామంది పోతారక్కడికి.

మిగిలిన 35 నెలలు, 70 వేలు, మీద వడ్డీ, కోర్టు ఖర్చులు. చిట్టీ కంపెనీ వాళ్లు తమ్ముణ్ణి వెతకను కూడా లేదు, ఎందుకు వెతుకుతారు, జీతం వచ్చేవాణ్ణి నేను ఇక్కడే ఉన్నాను కదా. నోటీసు స్కూలుకే వచ్చింది, అటెండర్ ఎనిమిదో తరగతి క్లాసులోకి తెచ్చిచ్చాడు. కేసు నడిచి, జీతం మీద కోర్టు జప్తు, అంటే అటాచ్‌మెంట్ వచ్చింది. అప్పుడు చేతికొచ్చే జీతం 6,000 లోపే, అందులో నెలకు సుమారు 1,800 కట్.

ఇంట్లో చెప్పక తప్పలేదు. నేననుకున్నా గొడవ చేస్తుంది, పుట్టింటికి పోతుంది అని. ఆమె అరవలేదు. నోటీసు కవరు తీసుకుని వెనక్కి తిప్పి, పిల్ల కంపాసు బాక్సులోంచి పెన్సిల్ తెచ్చి నా ముందు పెట్టింది. బియ్యం, కిరాయి, పాలు, పిల్ల ఫీజు, అవ్వ మందులు, కరెంటు, అన్నీ రాయి అంది. రాశాను. ఇందుల పద్దెనిమిది వందలు నువ్వే కొట్టెయ్, ఏది కొట్టేస్తవో చూస్త అంది. నేను పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. ఏది కొట్టేయాలి? అవ్వ మందులు కొట్టేయనా? చివరికి ఆమే నా చేతిలోంచి తీసుకుని పాలు లీటరున్నది అరలీటరు చేసింది, ట్యూషన్ కొట్టేసింది, ఇంకో రూముకి మారదాం అంది. ఆ రోజు రాత్రి గోదాన్ మళ్లీ తెరిచాను, ధనియా రూపాయలు నేలమీద చెల్లాచెదురు చేసిన పేజీ. అంతకుముందు ఆ సీన్‌లో నాకు ధనియా గయ్యాళిగా కనపడేది, నోట్సులో కూడా ఉగ్రస్వభావం అని రాసుకున్నా. ఆమె తన వంటింట్లోంచి ఏ గిన్నె ఖాళీ అవుతుందో లెక్కపెట్టుకుంటోందని అప్పుడు అర్థమైంది.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడ మొదలవుద్ది అమ్మా.

తమ్ముడు పారిపోయిన మూడు వారాలకి మరదలు ఇద్దరు పిల్లల్ని తీసుకుని మా గుమ్మంలోకొచ్చింది. అప్పులోళ్లు షాపు సామాను పట్టుకుపోయారు, ఇంటి ఓనరు తాళం వేశాడు. నాకు నోట మాట రాలేదు. రమ్మంటే మా ఇంటామె ఏమంటుందో, వద్దంటే ఎట్లా అంటానో తెలియక నిలబడ్డా. మా ఇంటామె లోపల్నుంచి వచ్చి చిన్నపిల్లని ఎత్తుకుని, రా అక్కడ నిలబడ్డవేంది అంది. తర్వాత రాత్రి, నీకు కోపం లేదా అని అడిగితే, ఆమె మీద నాకు కోపమెందుకు, ఆమె సంతకం పెట్టిందా అంది.

గోదాన్‌లో భోలా కూతురు ఝునియా వచ్చే రాత్రి గుర్తు తెచ్చుకోండి. గోబర్ ఆ పిల్లని కడుపుతో ఇంటి దగ్గర వదిలి లక్నో పారిపోయాడు. చలిలో ధనియా పొలానికి పోయి హోరీకి చెప్పింది, ఇద్దరూ గెంటేద్దాం అనుకుంటూ బయల్దేరారు, దారిలోనే ధనియా మెత్తబడిపోయింది, ఇల్లు చేరేసరికి హోరీ కూడా, ఇది నీ ఇల్లే భయపడకు అన్నాడు. అందుకు ఊరి పంచాయితీ 100 రూపాయలు, 30 మణుగుల ధాన్యం జరిమానా వేసింది. ధనియాకి తెలుసు జరగబోయేది. వీధిలో ఏమంటారో, ఎంత పోతుందో తెలిసే ఆ పిల్లని లోపలికి తీసుకుంది. హీరాని జైల్లో వేయించాలన్నదీ ఆమే, ఝునియాని ఇంట్లో పెట్టుకున్నదీ ఆమే. ఆ రెండూ కలిపి చూడండి. నేను చాలా ఏళ్లు కుటుంబం పట్ల నిబద్ధత అంటే హోరీ అని చెప్పాను, ఇప్పుడు ఎవరైనా అడిగితే ధనియా అంటాను. ఆమె ఎవరికోసం ఏం చేసినా బాహాటంగా చేసింది, లెక్క తెలిసి చేసింది, అందులో తన వాటా కష్టం తనే మోసింది. హోరీ తమ్ముడి కోసం చేసింది చీకట్లో చేశాడు, బిల్లు మాత్రం ధనియాకి పంపాడు.

హోరీని తీసిపారేస్తున్నా అనుకోకండి. హీరా పారిపోయాక పునియా పొలం కూడా తనే దున్నాడు, తన పొలం వెనకబడ్డా సరే. అది ఎవరికీ తెలియకుండా చేసింది కాదు, ఒళ్లు వంచి చేసింది. మళ్లీ తనింట్లో గింజల్లేనప్పుడు అదే పునియా ధాన్యం తెచ్చిచ్చింది. మా మరదలు 14 నెలలు మాతో ఉంది. మొదట్లో గిన్నెలు తోమేటప్పుడు కూడా చప్పుడు కాకుండా తోమేది, మన మూలంగానే వీళ్లకి పాలు తగ్గాయని. తర్వాత కుట్టుమిషన్ నేర్చుకుంది, స్కూలు యూనిఫాంలు కుట్టింది, మొదటిసారి వచ్చిన 140 రూపాయలు తెచ్చి మా ఇంటామె చేతిలో పెడితే, ఆమె అందులో 40 తీసుకుని లీటరు పాలు మళ్లీ మొదలుపెట్టింది. ఆ అక్కాచెల్లెళ్లలాంటి తోడికోడళ్లని చూసి నేను నేర్చుకున్నంత ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

రెండేళ్లు జీతంలోంచి పోయింది. రెండేళ్ల తర్వాత అదే కోర్టు డిక్రీ (తీర్పు) మీద జీతం ముట్టుకోకూడదని చట్టం, కానీ మిగతా దానికి మేం కొన్న ఇంటి జాగా మీదికి వస్తారని భయమేసి కంపెనీ వాళ్లతో మాట్లాడుకుని ఒకేసారి కట్టేశాం. దానికి మా ఇంటామె గాజులు అమ్మాం. ఈసారి అడిగి అమ్మాను. ఆమే షాపుకొచ్చి తూకం దగ్గర నిలబడింది.

తమ్ముడు 2003లో సద్దుల బతుకమ్మ ముందు రోజు వచ్చాడు. సగం అయ్యాడు మనిషి. నేను వాణ్ణి చూసి ఏడ్చాను, దాచుకోను. హీరా తిరిగొచ్చి కాళ్ల మీద పడినప్పుడు హోరీకి జీవితంలో ఓడిపోయిందంతా గెలిచినట్టు అనిపిస్తుంది, ఆ పేజీ నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, అది నిజమైన సంతోషం, ఎవరూ తక్కువ చెయ్యొద్దు దాన్ని. కానీ ప్రేమ్‌చంద్ అక్కడ ఆపలేదు కదా. మనవడికి పాల కోసం ఒక ఆవు కొనాలని ఎండలో కంకర తవ్వే కూలికి పోయి హోరీ వడదెబ్బతో పడిపోయాడు. పోయే ముందు, వదినా గుండె రాయి చేసుకో, గోదానం చేయించు అని ఏడుస్తూ అన్నది ఎవరు? హీరా. ఆవుకి విషం పెట్టినవాడే ఆవుని దానం చేయించమంటున్నాడు. ధనియా సుతిలి తాడు అమ్మిన ఇరవై అణాలు, అంటే రూపాయి పావలా, తెచ్చి భర్త చల్లబడ్డ చేతిలో పెట్టి, ఇంట్లో ఆవు లేదు, దూడ లేదు, పైసా లేదు, ఇదే ఈయన గోదానం అని పడిపోయింది. తమ్ముడు తిరిగొచ్చాడు, అన్నదమ్ములు కలిశారు, ఇంట్లో మాత్రం ఏమీ మిగల్లేదు. మా ఇంట్లో పాలు మిగిలాయి, అవ్వ మందులు మిగిలాయి, తమ్ముడొచ్చి కూర్చోడానికి అరుగు మిగిలింది, ఎందుకంటే ఆ కవరు వెనక లెక్క రాయించిన మనిషి ఉంది కాబట్టి.

తమ్ముడు వచ్చిన రోజు మా ఇంటామె అన్నం పెట్టింది. తిన్నాక, వాడు వదినా అని ఏదో మొదలుపెడితే, ముందు మీ అన్న నాకు చెప్పకుండ సంతకం పెట్టిండు, నువ్వు చెప్పొద్దన్నవు, ఆ సంగతి మాట్లాడి తర్వాత మిగిలినయి మాట్లాడుదాం అంది. గంటసేపు మాట్లాడుకున్నారు, ఇద్దరూ ఏడ్చారు. ఇప్పుడు వాడికి హన్మకొండలో చిన్న కిరాణా కొట్టుంది, పదేళ్ల మీద కొంచెం కొంచెంగా 50 వేల దాకా తిరిగిచ్చాడు, ప్రతిసారీ వదిన చేతికే ఇస్తాడు, నాకివ్వడు.

సరే, ఇప్పుడు మీ సంగతి. మీలో స్వార్థం ఏం లేదు. మీకు ఇబ్బందిగా ఉన్నది అన్నకి సాయం చేయడం గురించి కాదనిపిస్తోంది నాకు, మీ ఆయనకి చెప్పకుండా అన్న ఆ ఒక్క ముక్క దగ్గర మీ మనసు ఆగిపోయింది. మీరు రాసిన దాంట్లో ఆ ముక్క రెండుసార్లు వచ్చింది. మీ అన్నయ్య చెడ్డవాడై అనుండడు, మా తమ్ముడు కూడా వదిన భయపడుతుందనే అన్నాడు.

కాగితం విషయంలో జాగ్రత్త. షూరిటీ అని ఒక్క మాటలో అంటున్నారు గానీ అందులో మూడు వేర్వేరు సంగతులుండొచ్చు. మీ నాన్నగారు వీలునామా రాయకుండా పోయారన్నారు, ఆ ఇల్లు ఆయన సొంత సంపాదనతో కట్టింది అన్నారు, అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకి, అన్నకి, మీకు సమాన వాటా. తాకట్టుకి బ్యాంకు మీ సంతకం అడుగుతోందంటే మీ వాటా కూడా తాకట్టులోకి పోతోందని. అది ఒకటి. హామీ పత్రం అనేది వేరే, దాంతో మీ సొంత జీతం, మీ సొంత ఆస్తి కూడా బాధ్యతలోకి వస్తాయి. 1872 కాంట్రాక్ట్ చట్టంలో 128వ సెక్షన్, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే, వేరేగా రాసుకుంటే తప్ప. ముందు వాళ్లని పట్టుకోండి తర్వాత నా దగ్గరికి రండి అని మీరు అనలేరు, నా అనుభవం మీరు చూశారు కదా. మూడోది హక్కు విడుదల పత్రం, అంటే మీ వాటా అన్నకి వదిలేసినట్టు. ఈ మూడూ ఒకే రోజు ఒకే కట్టలో పెట్టి సంతకాలు తీసుకోవడం నేను చూశాను, మా బంధువుల్లో ఒకామెకి పదేళ్ల తర్వాత తెలిసింది తను ఏం రాసిచ్చిందో.

షాపుకి లోన్ అంటే బహుశా క్యాష్ క్రెడిట్ అయ్యుంటుంది, అంటే ఒక లిమిట్ దాకా కావలసినప్పుడు తీసుకుని కట్టుకుంటూ పోయే అప్పు, అది ఏటేటా రెన్యువల్ అవుద్ది, లిమిట్ పెరగొచ్చు, హామీ కూడా కంటిన్యూయింగ్ అని రాసుంటుంది, అంటే ఒక్కసారి పెట్టిన సంతకం కొనసాగుతూ ఉంటుందని. ఇంత మొత్తం వరకే అని రాయించుకోవచ్చు, ఇకమీద ఇచ్చే అప్పుకి నాకు సంబంధం లేదని రాతపూర్వకంగా నోటీసిచ్చి తప్పుకోవచ్చు కూడా, పాత బాకీకి మాత్రం తప్పుకోలేరు. మీ అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో ఇది కనపడుద్ది, రేపు మీ పిల్లాడి చదువుకి లోన్ పెట్టుకున్నప్పుడు లెక్కలోకి తీసుకుంటారు. మీరు కట్టాల్సొస్తే చట్టప్రకారం అన్నయ్య దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకుంది, కానీ అన్న మీద కేసు వేస్తారా మీరు? వేయనంటే ఆ 25 లక్షల్లో మీమీద ఎంత పడగలదో అంత ఇప్పుడే ఇచ్చేసినట్టు లెక్కేసుకోండి. అంత ఇవ్వగలరా, మీ ఇంట్లో దేన్ని సగం చేసి ఇస్తారు, అది కాగితం మీద రాయండి. మీ ఆయన పక్కన కూర్చుని రాయండి.

అంత ఇవ్వలేమని తేలితే, ఇవ్వగలిగింది ఇవ్వండి. లక్షో, రెండు లక్షలో, తిరిగి రాకపోయినా బాధపడనంత. ఇల్లు తాకట్టుకి ఒప్పుకుని, మీ సొంత హామీ మాత్రం ఇవ్వనని కూడా చెప్పొచ్చు, బ్యాంకు ఒప్పుకుంటుందా లేదా అడిగి చూడండి, ఒప్పుకోకపోతే లిమిట్ తగ్గించుకోమనండి. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటోంది అన్నారు, ఆమెకి ఈ తాకట్టు సంగతి ఎవరైనా చెప్పారా? మీరు రాసిన దాంట్లో అమ్మ ఏమందో ఎక్కడా లేదు. అందరికన్నా ముందు అడగాల్సింది ఆమెని.

సంతకం పెట్టనంటే అన్నయ్య కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. అది కష్టమే, రాఖీకి పిలుపు రాకపోతే ఎట్లుంటదో నాకు తెలుసు, మా చెల్లెని నేనొక ఏడాది పిలవలేదు వేరే గొడవలో, ఇప్పటికీ ఆ ఏడాది తలచుకుంటే సిగ్గేస్తుంది. కానీ అన్నయ్య పిల్లలకి ఏదైనా అయితే మీ గుమ్మం తెరిచుంటుందని వాళ్లకి తెలిసేలా ఉండండి, అది సంతకంతో వచ్చేది కాదు, పోయేదీ కాదు.

ఆదివారం అన్నయ్య కాగితాలు తీసుకుని వస్తున్నాడన్నారు కదా. ఆ రోజు సంతకం పెట్టకండి. ఒక సెట్టు జెరాక్స్ ఉంచి వెళ్లమనండి, వారం టైం అడగండి, అడిగేటప్పుడు మీ ఆయన కూడా ఆ గదిలో ఉండేలా చూసుకోండి. కాగితాల్లో ఏ పత్రం మీద ఏం రాసుందో ఇక్కడ రాయండి, పేర్లు, నంబర్లు తీసేసి. నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను, మా ఇంటామె కూడా చదువుతుంది.